పిట్టపిల్ల దొరికితే పాలు పట్టకండి

సంపాదకులకు,

ఎండాకాలం వస్తే చాలు, పత్రికల్లో ఒక ఫొటో తప్పదు. పెరట్లో దొరికిన పిట్టపిల్లకు ఇంటిల్లిపాదీ చేరి ఫిల్లరుతో పాలు పడుతుంటారు. కింద ‘మూగజీవిపై మమకారం’ అని ఉంటుంది. మర్నాటికి ఆ పిల్ల ఏమైందో మాత్రం ఎవరూ రాయరు. పక్షులకు పాలు అరగవు. పైగా గాలి పీల్చే రంధ్రం వాటికి నాలుక మొదట్లోనే ఉంటుంది. ఫిల్లరుతో పోసిన చుక్క ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం తీస్తుంది. మంచినీళ్లయినా అంతే. గూట్లో పిల్లకు కావలసిన తడి తల్లి తెచ్చే మేతలోనే ఉంటుంది. ఆ ఫొటో వేసే చోట ఈ సంగతులు వేస్తే నాలుగు పిల్లలైనా బతుకుతాయి.

ముందు ఈకలు చూడాలి. ఒళ్లంతా ఈకలొచ్చి, తోక ఇంకా పొట్టిగా ఉండి, గెంతుతూ తిరుగుతుంటే అది గూట్లోంచి జారిపడింది కాదు, ఎగరడం నేర్చుకుంటున్నది. గోరింక, పికిలిపిట్ట, కాకి పిల్లలు గూడు దిగాక కొన్నాళ్లు నేలమీద, కంచెల్లో, అరటి బోదెల మధ్య ఇలాగే తిరుగుతాయి. తల్లీతండ్రీ అక్కడక్కడే ఉండి మేత పెడుతుంటాయి. కాకి వచ్చి మీ తలమీద తన్నిపోయిందంటే ఆ పిల్లకు దిక్కుందనే అర్థం. అప్పుడు పట్టుకోవలసింది పిట్టపిల్లను కాదు, ఇంట్లో పిల్లిని. కుక్కను కట్టేయండి. పిల్ల దారిలో ఉంటే పక్కనున్న మందార కొమ్మ మీదికి చేర్చి, కిటికీలోంచి గంటో రెండు గంటలో చూడండి. చుట్టూ జనం మూగితే తల్లి దిగదు. అది దిగలేదు కనుక వదిలేసిందని మనమే తేల్చేస్తాం.

మనిషి చెయ్యి తగిలితే తల్లి చేరనివ్వదన్న మాట మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. అది నిజం కాదు. తెరిచిన నోరూ, ఆ అరుపూ చాలు, తల్లి మేత పెడుతుంది. కాబట్టి ఈకలు రాని ఎర్రటి పసిపిల్ల దొరికితే, గూడు అందేలా ఉంటే నిస్సంకోచంగా తిరిగి గూట్లో పెట్టేయండి.

గూడు చెదిరిపోయిందా, బుట్ట కట్టాలి. పికిలిపిట్టకైతే నాలుగంగుళాల వెడల్పు, గోరింకకైతే ఆరంగుళాలు, లోతు మూడంగుళాలు ఉన్న వెదురు బుట్ట సరిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే వాన నీరు పోయేలా అడుగున నాలుగు చిల్లులు పెట్టాలి. లోపల ఎండుగడ్డి పరచాలి. కోనసీమలో చేతికందేది కొబ్బరి పీచు కాబట్టి అందరూ అదే వేస్తారు. దాని పొడుగు పోగులు పిల్ల కాలికి చుట్టుకుని, పిల్ల పెరిగేకొద్దీ బిగిసి, వేళ్లు నల్లబడి ఊడిపోతాయి. కొబ్బరి చిప్ప కూడా పనికిరాదు. ఆ నున్నటి అడుగు మీద కాళ్లు రెండు పక్కలకూ జారి చీలిపోతాయి. బుట్టను పాత గూటికి వీలైనంత దగ్గర్లో, నీడ ఉన్న చోట కట్టాలి. మాను మీద చీమల బారు నడుస్తుంది కనుక మానుకు ఆనించకుండా కొమ్మకు సన్నటి తీగతో వేలాడదీయాలి. పిల్లకు అప్పటికే చీమలు పట్టి ఉంటే మెత్తటి కుంచెతో, ముఖ్యంగా కళ్ల దగ్గరా రెక్కల కిందా, దులపాలి.

ఇంతకంటే ముందు ఒక పని. పిల్లను అరచేతిలో పెట్టుకుంటే చల్లగా తగులుతోందంటే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి. కింద పెట్టకూడదు, వేడెక్కితే అది జరగడానికి చోటుండాలి. ఒళ్లు వెచ్చబడేదాకా ఏమీ తినిపించవద్దు. చల్లబడిన పిల్లకు మేత అరగదు. వెచ్చబడ్డాక దానంతటదే నోరు తెరిస్తే, తల్లి జాడ లేకపోతే, ఉడికించిన కోడిగుడ్డు మెదిపి జొన్నగింజంత ముద్దను మొద్దు మొన ఉన్న పుల్లతో పెట్టవచ్చు. పగలు అరగంటకొకసారి, రాత్రి అక్కర్లేదు. గువ్వ, చిలుక పిల్లలు ఇలా నోరు తెరవవు. వాటిని పశువైద్యశాలకు తీసుకెళ్లడమే మేలు. పిల్లి కరిచిందీ అంతే. గాయం సూదిమొనంత ఉన్నా పిల్లి ఎంగిలిలోని క్రిములు ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి కనుక ఆ రోజే మందు పడాలి.

కొబ్బరికాయల దింపు తీయించే రైతులకు ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గిజిగాళ్ల గూళ్లు వేలాడే మట్టను ఆ ఒక్కసారికి వదిలేయమనండి. గాలికి గూడు ఊడిపడితే, సొరంగం మూతి కిందికి ఉండేలా తిరిగి కట్టవచ్చు. తల పోయిన కొబ్బరి మోడు కొట్టించే ముందు తొర్రలు చూసుకోవాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాటిలో చిలుక పిల్లలు ఉంటాయి. కొట్టాక బయటపడితే తొర్ర ఉన్న ముక్కను కోయించి, పక్క చెట్టుకు ఎత్తులో నిలువుగా కట్టి చూడండి. పంజరంలో మాత్రం పెట్టకండి. 2018 నుంచి రామచిలుక మన రాష్ట్ర పక్షి. దాన్ని పట్టినా పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. తల్లి రాని పిల్లల్ని అటవీశాఖకు అప్పగించాలి.

మిల్లుల్లో, గోదాముల్లో బుసకొట్టే తెల్లటి గుడ్లగూబ పిల్ల కనిపిస్తే అపశకునమని కర్ర తీస్తారు. ఎలుకలు పట్టే బుట్టలకు డబ్బు పోసే రైతే, ఉచితంగా ఎలుకలు పట్టేదాన్ని తరిమేయడం నాకెన్నటికీ అర్థం కాదు. దాని గోళ్లు పదును, తువ్వాలు కప్పి పట్టుకుని దొరికిన చోటుకు దగ్గర్లో ఎత్తున పెడితే చాలు.

ఏ పిల్లనూ ఇంటి కోళ్ల మధ్య ఉంచకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లోకి బర్డ్‌ఫ్లూ వచ్చింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒకేచోట కాకులో కొంగలో గుంపుగా చచ్చిపడి ఉంటే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు పెట్టండి.

– పశువైద్యశాల విశ్రాంత కాంపౌండరు, రాజోలు