రసీదులు చూస్తున్నారు, పిల్లల చదువు కూడా చూడండి

అరిజోనా రాష్ట్ర విద్యాశాఖ సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం.

మేం చాండ్లర్‌లో ఉంటాం. మా అబ్బాయిని రెండో తరగతి మధ్యలో బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్ (అందరం ఈఎస్‌ఏ అంటాం) కింద రాష్ట్రం ఇచ్చే డబ్బుతోనే వాడి పాఠ్యపుస్తకాలు, సామగ్రి కొంటున్నాం. ఈ పథకం లేకపోతే మా ఇంటి బడి ఇంత బాగా నడిచేది కాదు. అందుకే అడిగే హక్కు, అడగాల్సిన బాధ్యత రెండూ నాకున్నాయనుకుంటున్నాను. మేం ఏం కొన్నామో అడుగుతున్న ప్రభుత్వం, మా పిల్లలు ఏం నేర్చుకున్నారో కూడా ఏడాదికొకసారి అడగాలి. నా విన్నపం ఇదే.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను. చాండ్లర్, గిల్బర్ట్, ఫీనిక్స్‌లలో ఈ ఖాతాలు తెరిచిన, తెరుద్దామా అని ఆలోచిస్తున్న తెలుగు తల్లిదండ్రులు కూడా చదివి తమ మాట చెప్పాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ పథకం 2011లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మొదలైంది. తర్వాత కొద్దికొద్దిగా విస్తరించింది. పిల్లలందరూ అర్హులేనంటూ 2017లో చేసిన చట్టాన్ని 2018లో ప్రొపోజిషన్ 305 అనే ప్రజాభిప్రాయ ఓటింగులో దాదాపు 65 శాతం మంది వద్దన్నారు. అయినా 2022లో శాసనసభ మళ్లీ చట్టం చేసి తలుపులు పూర్తిగా తెరిచింది. అప్పటికి పన్నెండు వేల చిల్లర ఉన్న పిల్లల సంఖ్య 2025కల్లా 90,000 దాటింది. ఖర్చు ఏడాదికి వంద కోట్ల డాలర్ల దాకా వచ్చింది. మామూలుగా ఒక్కో పిల్లకీ ఏడు, ఎనిమిది వేల డాలర్లు అందుతాయి. బడి ఫీజు కట్టుకోవచ్చు, ట్యూటర్‌కి ఇవ్వచ్చు, మాలాంటి వాళ్లం ఇంట్లో చదివించడానికి కరికులం (వరుసగా అమర్చిన పాఠాలు, పుస్తకాలు) కొనుక్కోవచ్చు.

ఇంత డబ్బు చేతులు మారుతుంటే లెక్క అడగడం న్యాయం. తల్లిదండ్రులు దారి తప్పించిన సొమ్ము 7,00,000 డాలర్లకు పైనే ఉందని 2018లో రాష్ట్ర ఆడిటర్ జనరల్ తేల్చారు. 2024 ఫిబ్రవరిలో, లేని పిల్లల పేర్లతో ఖాతాలు సృష్టించారని ఐదుగురి మీద నేరారోపణ జరిగింది. అదే ఏడాది జూలైలో అటార్నీ జనరల్ క్రిస్ మేస్ లేఖ రాయడంతో, అదనపు సామగ్రి ఏది కొన్నా అది ఏ కరికులంలో భాగమో కాగితం చూపాల్సి వచ్చింది. పెన్సిళ్లకీ, రబ్బర్లకీ కూడా. తల్లులు కొందరు కోర్టుకెక్కారు. డిసెంబరు కల్లా పద్ధతి మారింది. 2,000 డాలర్ల లోపు ఖర్చుని ముందు ఆమోదించి, ఆడిట్ తర్వాత చేస్తామన్నారు. ఆ తర్వాత టీవీలు, ఫోన్లు, నగలు కూడా కొన్నారని వార్తలొచ్చాయి. మళ్లీ గొడవ.

ఈ గొడవంతా వస్తువుల చుట్టూనే తిరిగింది. పెన్సిల్ కొనచ్చా, లెగో కొనచ్చా, పియానో కొనచ్చా? మీతో చేసుకున్న ఒప్పందంలో మేం సంతకం పెట్టింది మాత్రం చదవడం, వ్యాకరణం, లెక్కలు, సోషల్, సైన్సు నేర్పిస్తామని. ఆ ఐదూ నేర్పామా అని ఎవరూ అడగరు. పరీక్ష లేదు, నివేదిక లేదు.

మా ఇంటి సంగతే చెప్తాను. మా వాడికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడం కష్టమయ్యే ఇబ్బంది. వాడి కోసం ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతిలో (చూసి, విని, తాకి చదవడం నేర్చుకునే పద్ధతి) తయారైన కరికులం కొన్నాం. డబ్బాలో అయస్కాంతం అంటించిన అక్షరాల బిళ్లలు, నేర్పేవాళ్లకి ఒక పుస్తకం, వాడికి వర్క్‌బుక్. నేను ఒక శబ్దం పలుకుతాను, వాడు ఆ శబ్దానికి సరిపడే బిళ్ల తీసి బోర్డు మీద పెడతాడు. మూడు బిళ్లలు చేరాక వేలు కింద జరుపుకుంటూ కలిపి చదువుతాడు. తర్వాత అదే మాటని ఇసుక పళ్లెంలో వేలితో రాస్తాడు, మనం బియ్యంలో ఓనమాలు దిద్దించినట్టే. ఒక పాఠం గట్టిపడేదాకా రెండోదానికి వెళ్లకూడదు. ఒక్కోసారి ఒకే పాఠం మీద వారమంతా కూర్చుంటాం. వాడికి విసుగొస్తుంది, నాకూ వస్తుంది. ఇప్పుడు వాడు చిన్న కథల పుస్తకాలు సొంతంగా చదువుతున్నాడు.

ఇందులో రాష్ట్రానికి తెలిసింది డబ్బా ధర ఒక్కటే. అదే డబ్బాని విప్పకుండా అటక మీద పడేసినా మా ఖాతాలో ఇదే వరుస, ఇదే అంకె, ఇదే ఆమోదం కనబడేవి. ఖర్చు సక్రమం అని రాసుండేది. నాకు నిద్రపట్టనివ్వని సంగతి ఇదే. చదువు రాని పిల్లాడు ఎవరైనా ఆ తొంభై వేలమందిలో ఉంటే వాడి గురించి ప్రభుత్వానికి తెలిసే దారి లేదు.

పక్కింటి అమ్మాయి ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదువుతోంది. 'మూవ్ ఆన్ వెన్ రీడింగ్' చట్టం ప్రకారం ఆ తరగతి చివర ఆ పాపకి చదవడం ఎంత వచ్చిందో చూస్తారు. బాగా వెనకబడితే అదనపు సాయం ఇవ్వాలి, పై తరగతికి పంపకుండా ఆపనూవచ్చు. అదే ఖజానా నుంచి డబ్బు తీసుకుంటున్న మా అబ్బాయిని ఎవరూ చూడరు. దక్షిణ ఫీనిక్స్‌లో రూజ్‌వెల్ట్ స్కూల్ డిస్ట్రిక్టు 2024 డిసెంబరులో ఐదు బడులు మూసేయాలని తీర్మానించింది. అందుకు ఈఎస్‌ఏ ఒక్కటే కారణమని నేననను. పిల్లల సంఖ్య తగ్గుతోంది, చార్టర్ బడులూ (ప్రభుత్వ సొమ్ముతో స్వతంత్రంగా నడిచేవి) పెరిగాయి. కానీ ఆ బడుల పిల్లల తల్లులు "మా డబ్బు ఎటు పోతోంది, దాంతో ఎవరైనా చదువుకుంటున్నారా?" అని నన్ను అడిగితే రసీదుల కట్ట కాకుండా చూపించడానికి నా దగ్గర ఇంకేదైనా ఉండాలి.

హోమ్‌స్కూలింగ్ చేసే స్నేహితులకి ఈ మాట నచ్చదని తెలుసు. ఇవాళ పరీక్ష అంటారు, రేపు ఏం చదవాలో కూడా వాళ్లే చెప్తారని వాళ్ల భయం. అది ఉత్తి భయమని కొట్టిపారేయను. అయితే ప్రభుత్వ సొమ్ము ముట్టకుండా ఇంట్లో చదివించే కుటుంబాలు కౌంటీ (జిల్లా) విద్యా సూపరింటెండెంట్‌కి ఆ సంగతి చెప్తూ అఫిడవిట్ ఇచ్చి తమ దారిన తాముంటాయి. వాళ్ల జోలికి వెళ్లవద్దు. ఈఎస్‌ఏ తీసుకునే మేం ఆ అఫిడవిట్ ఇవ్వం. చట్టం లెక్కలో మాది హోమ్‌స్కూల్ కూడా కాదు, రాష్ట్రంతో ఒప్పందం. ఒప్పందం అన్నాక అవతలివాళ్లు ఫలితం అడగడంలో తప్పేముంది?

అందరికీ ఒకే పరీక్ష పెట్టమనీ అనడం లేదు. గడియారం పెట్టి పేరాలు చదివించే పరీక్ష మా వాడి లాంటి పిల్లల్ని కుంగదీస్తుంది. దారులున్నాయి. ఫ్లోరిడాలో ఇలాంటి నిధులతో ఇంట్లో చదివే పిల్లలు ఏటా ఒక జాతీయ స్థాయి పరీక్ష రాస్తారు, తల్లిదండ్రులు చదువు ప్రణాళిక ఇస్తారు. పెన్సిల్వేనియాలో పైసా ఇవ్వకపోయినా, ఏడాది చివర పిల్లల పనినంతా ఒక పోర్ట్‌ఫోలియోగా కట్టి అర్హత ఉన్న ఉపాధ్యాయులకి చూపించాలి. ఇక్కడ తల్లిదండ్రులకే ఎంపిక ఇవ్వండి: పరీక్ష రాయిస్తారా, ఉపాధ్యాయులకి పోర్ట్‌ఫోలియో చూపిస్తారా, ప్రత్యేక అవసరాలున్న పిల్లలైతే థెరపిస్టు రాసిన ప్రగతి నివేదిక ఇస్తారా అని. అందుకయ్యే ఖర్చు ఖాతాలోంచే తీసుకోనివ్వండి. ఫలితం బాగాలేదని వెంటనే ఖాతా మూయవద్దు. ముందు సాయం చేయండి.

దీనివల్ల ఇంకో మేలుంది. కొత్తగా ఖాతా తెరిచిన తల్లి "లెక్కలకి ఏ కరికులం మంచిది?" అని వాట్సాప్ గ్రూపులో అడుగుతుంది. పదిమంది పది పేర్లు చెప్తారు. ఎవరి అనుభవం వాళ్లది. ఏ కరికులం ఎంతమంది కొంటున్నారో మీ దగ్గరుంది, దాంతో పిల్లలు ఎంత ముందుకెళ్లారో లేదు. ఆ రెండూ కలిపి, పిల్లల పేర్లు లేకుండా ప్రచురిస్తే ఆ తల్లికి ఒక ఏడాది, ఆ బిడ్డకి ఒక ఏడాది మిగులుతాయి. డిస్లెక్సియా పిల్లల విషయంలో ఆ ఒక్క ఏడాది చాలా పెద్దది.

పథకం నియమాలుండే హ్యాండ్‌బుక్‌ని ఆమోదించేది స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్. హ్యాండ్‌బుక్ మార్పులతో సరిపోతుందో, శాసనసభ చట్టమే మార్చాలో మీ న్యాయవాదులు చెప్పగలరు. ఎలా అయినా, ఈ ప్రతిపాదనని బోర్డు ముందు మీరే పెట్టాలని కోరుతున్నాను. చర్చకి వచ్చిన రోజు నేను వచ్చి మాట్లాడతాను. అప్పటిదాకా ఆగకుండా, మా అబ్బాయి ఈ ఏడాది వర్క్‌బుక్ పేజీలు, వాడు చదువుతున్న రికార్డింగు, ఒక రీడింగ్ టీచరు రాసిన అంచనా జతచేసి మీ శాఖకి పంపుతున్నాను. ఎవరూ అడగలేదు. అయినా తీసుకోండి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
చాండ్లర్, అరిజోనా