డిస్కు మార్చే ముందు డ్రైవర్‌ను చూడండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మా తిరుపతి పరిసరాల్లో కంప్యూటర్లు నెమ్మదించాయన్న ఫిర్యాదు రాగానే కళాశాలలూ చిన్న కార్యాలయాలూ పాత హార్డ్ డిస్కులు తీసేసి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు (కదిలే భాగాలు లేని వేగవంతమైన డిస్కులు) కొంటున్నాయి. కొనడం తప్పు కాదు. అయితే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కొత్త డిస్కుకు తన రిక్వెస్టులను (చదవమని, రాయమని ఇచ్చే కోరికలను) ఏ దారిలో, ఏ డ్రైవర్ (పరికరంతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) ద్వారా పంపుతున్నదో ఎవరూ చూడకపోవడం, ఆ దారి గురించి ఇంజినీరింగ్ విద్యార్థులకు చెప్పకపోవడం ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించే నన్ను చాలాకాలంగా బాధిస్తున్నాయి.

నేను సాయం చేయడానికి వెళ్లిన ఒక విద్యాసంస్థలో మార్కుల డేటాబేస్‌ను వర్చువల్ మెషీన్‌లో (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) నడుపుతున్నారు. ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా, మార్కులు నమోదు చేసే రోజుల్లో అధ్యాపకులు తెర ముందు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చేది. విప్పి చూస్తే, ఆ వర్చువల్ మెషీన్‌కు డిస్కును పాతకాలపు ఐడీఈ కంట్రోలర్‌కు (డిస్కును నడిపే చిప్‌కు) తగిలించినట్టు చూపించారు. ఆ పద్ధతిలో ఒక ఆదేశం ముగిస్తే గానీ మరొకటి మొదలుకాదు. పైగా అక్కడ నిజంగా లేని ఆ కంట్రోలర్ రిజిస్టర్లను (ఆదేశాలు రాసే చిన్న గళ్లను) డ్రైవర్ తాకిన ప్రతిసారీ వర్చువల్ మెషీన్ ఆగిపోయి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన హైపర్‌వైజర్ వచ్చి ఆ పని చేసి, మళ్లీ దాన్ని నడిపించాలి. వర్చువల్ మెషీన్ల కోసమే రాసిన వర్ట్‌ఐఓ డ్రైవర్‌లో ఈ తతంగం లేదు. ఇరువైపులా పంచుకునే మెమరీలోని క్యూలో రిక్వెస్టులు వరుసగా రాసి, ఒక్క సంకేతం ఇస్తే చాలు. 2008 జనవరిలో వచ్చిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 2.6.24 వెర్షన్ నాటి నుంచే ఉన్న ఈ సదుపాయానికి మారగానే, రూపాయి ఖర్చు లేకుండా ఆ ఇబ్బంది తీరింది.

సాఫ్ట్‌వేర్ వేసే ఈ భారం ఇంతకాలం ఎవరికీ కనిపించకపోవడానికి కారణం ఉంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది; కావలసిన చోటు డేటా చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం సేపు ఆగాలి. దాని పక్కన ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్‌లో గడిచే కొద్ది మైక్రోసెకన్లు లెక్కలోకే రావు. మంచి ఎన్‌వీఎంఈ డిస్కు చిన్న బ్లాకును పదుల మైక్రోసెకన్లలోనే చదివి ఇస్తుంది కాబట్టి, అవే మైక్రోసెకన్లు ఇప్పుడు మొత్తం సమయంలో పెద్ద వాటా అయ్యాయి.

లినక్స్ ఈ సంగతిని సూటిగానే ఎదుర్కొంది. పాత బ్లాక్ లేయర్‌లో (డిస్కు రిక్వెస్టులను చూసుకునే కెర్నెల్ భాగంలో) ఒక్కో పరికరానికి ఒకే రిక్వెస్ట్ క్యూ, దానికి ఒకే లాక్ (ఒకసారి ఒక్కరినే లోపలికి రానిచ్చే తాళం) ఉండేవి. ప్రాసెసర్‌లో కోర్లు పెరిగేకొద్దీ ఆ లాక్ కోసం పెనుగులాటే పెరిగింది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు ఉన్నా, భక్తులందరి పేర్లూ ఒకే మనిషి ఒకే పుస్తకంలో రాయవలసి వస్తే ఏమవుతుందో తిరుపతి వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2014 జనవరిలో వచ్చిన లినక్స్ 3.13తో కోర్‌కొక సాఫ్ట్‌వేర్ క్యూ, వాటి వెనుక హార్డ్‌వేర్ క్యూలు ఉండే బహుళ క్యూ పద్ధతి ప్రవేశించింది. 2019 మార్చిలో 5.0 వచ్చేసరికి పాత దారిని పూర్తిగా తొలగించారు. హార్డ్‌వేరూ ఇందుకు సిద్ధంగానే ఉంది: పాత సాటా డిస్కుల ప్రమాణమైన ఏహెచ్‌సీఐలో ఒక పోర్టుకు ఒకే క్యూ, అందులో 32 ఆదేశాలు ఉంటే, ఎన్‌వీఎంఈ ప్రమాణం 65,535 క్యూల వరకు అనుమతిస్తుంది.

డ్రైవర్ రాసేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. ఎన్‌వీఎంఈలో ఆదేశాన్ని క్యూలో పెట్టాక డోర్‌బెల్ అనే రిజిస్టర్‌లో రాయాలి. ఆ రాత ప్రాసెసర్‌ను డిస్కుతో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం దాటి వెళ్లాలి. పదహారు రిక్వెస్టులకు పదహారుసార్లు గంట కొట్టడం కన్నా, అన్నీ పెట్టి ఒకసారి కొట్టడం మేలు. పని ముగిసిందని డిస్కు ప్రాసెసర్‌కు చెప్పే ఇంటరప్ట్‌లను (సంకేతాలను) కూడా ఇలాగే కలపవచ్చు, కానీ అప్పుడు ఒంటరిగా వచ్చిన రిక్వెస్టు అనవసరంగా ఆగుతుంది. ఇంటరప్ట్ మానేసి పోలింగ్ చేస్తే, అంటే పని ముగిసిందా అని కోరే పదేపదే చూస్తుంటే, ఆలస్యం తగ్గుతుంది గానీ కోర్ ఖాళీగా ఉండదు. ఇక్కడ కొలిచి నిర్ణయించడం తప్ప దగ్గరి దారి లేదు.

ఆ కొలవడమే మన తరగతుల్లో లేదు. హెడ్ ఫలానా సిలిండర్ (వలయం) దగ్గర ఉంది, ఒక కొస నుంచి మరో కొసకు సాగే స్కాన్ పద్ధతిలో మొత్తం ఎంత దూరం కదులుతుంది అన్న లెక్కను నేటికీ పరీక్షల కోసం చేయిస్తున్నాం. హార్డ్ డిస్కులు ఇంకా వాడుకలో ఉన్నాయి కనుక దాన్ని తీసేయమని అనను. ఎస్‌ఎస్‌డీలో కదలడానికి హెడ్డే లేదని, అందుకే అక్కడ చాలాసార్లు రిక్వెస్టుల వరుసను నిర్ణయించే షెడ్యూలర్‌ను ‘నన్’ (ఏదీ వద్దు) అని ఉంచుతారని కూడా చెప్పాలి కదా. 3.13తో పాటే వచ్చిన నల్-బ్లాక్ అనే డ్రైవర్ నిజమైన డిస్కు ఏదీ లేకుండానే రిక్వెస్టులను స్వీకరించి ముగించేస్తుంది. కాబట్టి దానిపై డిస్కు వేగాన్ని కొలిచే ఎఫ్ఐఓ అనే ప్రోగ్రామ్ నడిపితే కనిపించే సమయమంతా సాఫ్ట్‌వేర్ భారమే. ఇందుకు ల్యాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్ చాలు.

మా ప్రాంత విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్లు వచ్చే సిలబస్ సవరణలో ఈ ప్రయోగానికి రెండు ల్యాబ్ తరగతులు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సర్వర్ల కొనుగోలుకు టెండర్ పిలిచే సంస్థలు, అంతకుముందే తమ వర్చువల్ మెషీన్లకు డిస్కును ఏ డ్రైవర్‌తో చూపిస్తున్నారో నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలని కూడా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
తిరుపతి