చీగాంగ్ నేర్పేవాళ్లు ముందు మాత్రల సంగతి అడగాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నిద్రలేమికి చీగాంగ్ (మెల్లని కదలికలు, ఊపిరితో చేసే చైనా వ్యాయామం) మంచిదంటూ వచ్చిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి, భంగిమలు అర్థమయ్యేలా వివరించారు. కానీ చివర్లో, రోజూ చేస్తే నిద్రమాత్రలతో పనే ఉండదని ఒక వాక్యం తగిలించారు. నా ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే. నిద్రమాత్రలో నరాల మాత్రలో ఏళ్ల తరబడి మింగుతూ, ఎలా మానాలో తెలియక అవస్థ పడేవాళ్లు మా చిత్తూరులో నాకు తెలిసినవాళ్లే చాలామంది ఉన్నారు. వాళ్లలో ఏ ఒక్కరైనా ఆ మాట నమ్మి ఆ రాత్రే మాత్ర పక్కన పడేస్తే ఏమవుతుందో వ్యాసం రాసినవారికి తెలిసినట్టు లేదు.

నేను బెల్లం మండీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. సీజన్లో రాత్రి చిట్టా మూసేసరికి పదకొండు. తెల్లవారుజామున బండ్లు దిగే వేళకు మళ్లీ కాటా దగ్గర ఉండాలి. అట్లా చెడిన నిద్ర పని మానుకున్నాక కూడా తిరిగి రాలేదు. ఒక డాక్టరు గారు క్లోనజెపామ్ అనే నరాల మాత్ర అర మిల్లీగ్రాము, రెండు వారాలకని రాశారు. ఆ చీటీ మడతల దగ్గర చిరిగి, నేను టేపు అతికించుకున్నాక కూడా మందుల షాపులో మాత్ర వస్తూనే ఉండేది. "అదేనా సార్?" అని అడగడం, షీటు చేతిలో పెట్టడం. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలని షీటు మీద ఎర్ర గీత ఉంటుంది, దాన్ని చూసి ఆగేది ఎవరు? 2014 మార్చి నుంచి ఇదే జాతిలోని అల్ప్రజోలామ్, డయాజెపామ్ లాంటి మాత్రలు షెడ్యూల్ హెచ్1 అనే గట్టి నిబంధనల జాబితా కిందికి వచ్చాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, కొన్నవాళ్ల పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. చిట్టాలు రాసి బతికినవాణ్ణి కాబట్టి రిజిస్టరు ఎక్కడుందా అని నా కన్ను వెతికేది. ఎప్పుడూ కనబడలేదు.

క్లోనజెపామ్, అల్ప్రజోలామ్, డయాజెపామ్, లోరజెపామ్ అన్నీ ఒకే జాతి మందులు. నరాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం మన మెదడులోనే ఉంది. ఈ మాత్రలు దాని పనికి బలమిస్తాయి. నెలల తరబడి బయటి నుంచి ఆ బలం అందుతుంటే మెదడు దానికి అలవాటు పడి తన సొంత అదుపు తగ్గించుకుంటుంది. అప్పుడు మాత్ర ఒక్కసారిగా ఆపితే, ఘాట్ రోడ్డు దిగుతున్న బస్సుకు బ్రేకు పీకేసినట్టే. వణుకు, చెమటలు, గుండెదడ, కంటి మీద కునుకు లేకపోవడం, కొందరికి ఫిట్స్. ప్రాణం మీదికి రావచ్చు కూడా. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2020లో ఈ జాతి మందులన్నిటి మీదా తన అత్యంత తీవ్రమైన హెచ్చరికలో దుర్వినియోగం, వ్యసనంతో పాటు ఈ ప్రమాదాన్నీ చేర్పించింది.

నాకు దారి చూపింది వేలూరులో ఒక సైకియాట్రీ డాక్టరమ్మ. మామూలుగా అయితే తీసుకునే డోసులో నూటికి ఐదు నుంచి పది వంతులు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి తగ్గిస్తారనీ, ఎంత తొందరున్నా రెండు వారాల్లో నాలుగో వంతుకు మించకూడదనీ చెప్పింది. పావు మిల్లీగ్రాము మాత్రలు రాసి, వాటిని ముక్కలు చేసుకునే పద్ధతి నేర్పించింది. ఒంటికి పడకపోతే అక్కడే ఆగమంది. పంతానికి పోవద్దంది. ఇంత నెమ్మదిగా దిగినా సుఖంగా ఏమీ లేదు. కుక్కర్ విజిల్ వేస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి. అరికాళ్లు చిమచిమలాడేవి. ఒక వారం బాగుండేది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదటికొచ్చేది.

చీగాంగ్ నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. మా అక్క కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదివాడు. 2020లో కరోనాకు ఇంటికొచ్చేసి, ఆన్‌లైన్ క్లాసులు మా మిద్దె మీద గదిలో కూర్చుని విన్నాడు. కాలేజీలో వ్యాయామం పీరియడ్లో బాదువాన్‌జిన్ అని ఎనిమిది కదలికల వరస నేర్పారట. ఇది సోంగ్ రాజుల కాలం రాతల్లోనే కనబడే పాత పద్ధతి. 2000 తర్వాత చైనా క్రీడా శాఖ దీన్నీ ఇంకో మూడింటినీ ప్రామాణికంగా దిద్ది జనానికి నేర్పిస్తోంది. సాయంత్రం ఎండ తగ్గాక వాడు మిద్దె మీద చేస్తుంటే చూసి నేనూ అడిగాను. వెంటనే నేర్పలేదు. "మామా, ముందు నీ మాత్రల చీటీ చూపించు" అన్నాడు. ఇంత రాయడం ఆ మాట కోసమే.

చీటీ చూసి, డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి, ఎనిమిదిలో కొన్ని తీసేశాడు. వంగి పాదాలు పట్టుకునేది వద్దన్నాడు. నాకు గుండెదడకు ప్రొప్రనొలాల్ కూడా ఇచ్చారు, దాంతో వంగి లేచినప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. మోకాళ్లు బాగా వంచి, తల ఊపుతూ నడుము తిప్పేది వద్దన్నాడు. మడమలెత్తి ధబ్బున దించేది కూడా వద్దు. అసలే అదిరిపోతున్న ఒంటిని ఇంకా అదరగొట్టడం దేనికి? మిగిలింది చేతులు మెల్లగా పైకెత్తి దించడం, ఒక చెయ్యి పైకీ ఒకటి కిందికీ చాపడం, మెడ నిదానంగా పక్కకు తిప్పి వెనక్కి చూడడం. వెనకాల కుర్చీ వేసి ఉంచేవాడు. నిలబడలేని రోజు కూర్చునే చేసేవాణ్ణి. ఎండాకాలం అయితే ముందు ఒక గ్లాసు ఉప్పేసిన మజ్జిగ.

ఊపిరి విషయంలో మాత్రం ఒక్కటే మాట పదే పదే చెప్పాడు: "బలవంతంగా పీల్చొద్దు మామా, బిగబట్టొద్దు. దాని పాటికి దాన్ని పోనీ." వ్యాసంలో మాత్రం బొడ్డు కింద వేడి పుట్టేదాకా ఊపిరి నింపమన్నారు. గబగబా లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ పట్టేసినట్టుంటుంది. మాత్ర తగ్గించినప్పుడు కనబడే బాధలూ ఇవే. ఏది దేనివల్లో తేల్చుకోలేక మనిషికి టెన్షన్ ఎక్కువై, ఆ టెన్షన్‌తో ఊపిరి ఇంకా వేగమవుతుంది. మన యోగా ఉండగా చైనాది ఎందుకని మా వీధిలో ఒకాయన నన్ను నిలదీశాడు. ఎందుకూ కాదు, ఇంట్లో నేర్పేవాడు ఉన్నాడు కాబట్టి. అయినా ఈ జాగ్రత్త యోగాలో వేగంగా ఊపిరి తీసి వదిలే కపాలభాతికీ భస్త్రికకూ ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

కళ్లు మూసుకుని ఒంట్లో శక్తి ప్రవాహాన్ని గమనించమని కూడా కొందరు చెబుతారు. నిక్షేపంగా ఉన్నవాళ్లకు అది బాగానే ఉంటుందేమో. మాత్ర తగ్గిస్తున్నవాడికి ఒంట్లో ఎక్కడ చూసినా ఏదో ఒక మెలి, ఏదో ఒక మంట. దాన్నే వెతుక్కుంటూ కూర్చుంటే అది పెరుగుతుంది. నేను కళ్లు తెరిచే చేశాను, ఎదురుగా మందార కుండీ వైపు చూస్తూ. బాగున్న రోజు ఇంకో రెండు కదలికలు కలుపుదామని ఆశ పుడుతుంది. కలిపితే మర్నాడు లెక్క తేలేది. అందుకే బాగున్నా బాగాలేకున్నా అదే కొంచెం.

దీనివల్ల నా మాత్రలు పోలేదు. డాక్టరమ్మ లెక్క ప్రకారం ముక్క ముక్కగా తగ్గించి మానాను. చీగాంగ్ వల్ల సాయంత్రం ఒక గంట మనసు కుదురుగా ఉండేది, భుజాలు వదులయ్యేవి, రాత్రి భయం కాస్త వెనక్కి తగ్గేది. అది తక్కువ మేలు కాదు, కానీ మందుకు బదులు మాత్రం కాదు. నిద్ర కోసమే అయితే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. మాత్ర తగ్గించేటప్పుడు అది తోడుంటే మేలని డాక్టర్లే చెబుతారు. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

పొద్దున మాతో నడిచే ఒక పెద్దాయన సంగతి కూడా రాయాలి. ఆయన అల్ప్రజోలామ్ వాడేవారు. ఒక శిబిరంలో చేరితే, నేర్పే మనిషి మందులు విషమని చెప్పాడట. ఆయన ఆ రాత్రి నుంచే ఆపేశారు. మర్నాటికి చేతులు వణకడం మొదలైంది. అల్ప్రజోలామ్ ఒంట్లోంచి తొందరగా పోతుంది కాబట్టి తొందరగానే మొదలవుతుంది. ఆ వణుకు చూసి శిక్షకుడు, లోపల శక్తి కదులుతోంది, మంచి సూచన, ఇంకా సేపు నిలబడండి అన్నాడట. ఆయన నిలబడ్డారు. తర్వాత బాత్‌రూంలో ఫిట్స్ వచ్చి పడితే కొడుకు ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. ఇప్పుడు మళ్లీ అదే మాత్ర మీద ఉన్నారు, ఈసారి డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తున్నారు. నుదుటి మీద కుట్ల మచ్చ ఉంది.

ఆ శిక్షకుడికి దురుద్దేశం ఉందని నేననను, ఆయనకు తెలియదంతే. కానీ తెలుసుకోవాల్సిన బాధ్యత నేర్పేవాళ్లదే. 1980ల్లో చైనాలో ఊరూరా చీగాంగ్ మోజు నడిచినప్పుడు, అతిగా చేసి మతి చలించినవాళ్లను అక్కడి డాక్టర్లే చూశారు. అమెరికా సైకియాట్రీ సంఘం 1994లో తెచ్చిన రోగ నిర్ధారణ పుస్తకంలో కూడా దీనికి ఒక ప్రస్తావన ఉంది, ముఖ్యంగా అందులో మితిమీరి మునిగిపోయేవాళ్లకు ప్రమాదమని. మామూలుగా మెల్లగా చేసుకునేవాళ్లు హడలిపోవాల్సిన పని లేదు. నరాలు ఇప్పటికే అదుపు తప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఈ మధ్య తిరుపతిలో మా అమ్మాయి ఒక శిబిరానికి పేరిస్తే ఫారం చూశాను. పేరు, వయసు, ఫోన్ నంబరు, టీషర్టు సైజు అడిగారు. ఏమైనా మందులు వాడుతున్నారా అన్న గడి లేదు. యోగా అయినా చీగాంగ్ అయినా ఫారం అచ్చేసేటప్పుడు ఆ ఒక్క గడి కలిపితే అయ్యే ఖర్చేమీ లేదు. నిద్రకు గానీ, నరాలకు గానీ, ఫిట్స్‌కు గానీ మాత్రలు వాడుతున్నామని ఎవరైనా రాస్తే, డాక్టరుతో మాట్లాడి రమ్మని పంపించాలి. మాత్రల గురించి ఇంకేమీ చెప్పకూడదు.

వ్యాసం రెండో భాగం వచ్చే వారమని వేశారు. దాని కింద చిన్న పెట్టె కట్టి ఈ మాటలు వేయమని మనవి: "నిద్రమాత్రలు, నరాల మాత్రలు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు, తగ్గించకూడదు. వ్యాయామం మొదలుపెట్టే ముందు మీ డాక్టరును అడగండి. మాత్రలు ఆపాక వణుకు, పొంతన లేని మాటలు, ఫిట్స్ కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మానసిక సమస్యలపై తెలుగులో ఉచిత సలహాకు టెలిమానస్ నంబరు 14416."

మండీలో ఇంకా నా స్నేహితులు పని చేస్తున్నారు, నరాల మాత్రలంటే పిచ్చి మాత్రలనుకునేవాళ్లు వాళ్లలో తక్కువేమీ లేరు. నా పేరు వేయకండి.

— ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు