ఆర్చ్‌డీకన్ ఉప బిషప్ కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్ చర్చి వార్తలు తెలుగులోకి వచ్చేసరికి ‘ఆర్చ్‌డీకన్’ ఒకచోట ఉప బిషప్, మరోచోట ప్రధాన డీకన్ అయిపోతున్నారు. రెండూ తప్పే. పేరులో డీకన్ (ప్రీస్టు కంటే కింది మెట్టు) ఉన్నా ఆయన పూర్తిస్థాయి ప్రీస్టు, డయోసిస్‌లో (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతంలో) కొంత భాగపు చర్చిల పాలన చూస్తారు. అభిషేకం పొంది ఆరేళ్లు నిండితే గానీ ఆ పదవికి అర్హత రాదు. నియమించేది బిషప్. అయితే బిషప్ అభిషేకం లేదు కాబట్టి ఆర్డినేషన్ (డీకన్‌గానో ప్రీస్టుగానో అభిషేకించడం) గానీ కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవారి విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) గానీ ఇచ్చే అధికారం ఆర్చ్‌డీకన్‌కు ఉండదు. పిలుపులోనూ తేడా ఉంది: బిషప్‌ను రైట్ రెవరెండ్ అంటారు, కెథడ్రల్‌కు (బిషప్ పీఠమున్న ప్రధాన చర్చికి) పెద్ద అయిన డీన్‌ను వెరీ రెవరెండ్ అంటారు, ఆర్చ్‌డీకన్‌ను వెనరబుల్ అంటారు.

ఆయన రోజులు ఎక్కువగా గోడలు, కప్పులు, కాగితాలతోనే గడుస్తాయి. ప్రతి చర్చి భవనాన్నీ అయిదేళ్లకోసారి నిపుణులు తనిఖీ చేయాలి. నివేదికలో రాసిన మరమ్మతు జరుగుతోందా అని అడిగేది ఆర్చ్‌డీకనే. కప్పు మీది నీటి కాలువలో ఆకులు పేరుకుంటే వాన నీరు గోడలోకి దిగి, దూలాల కొనలు కుళ్లుతాయి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోక రాయే పెచ్చులూడుతుంది.

చర్చిలో మార్పులు చేయడానికి మూడు మెట్లున్నాయి. ‘ఎ’ జాబితాలోని చిన్న పనులకు ఎవరినీ అడగనక్కర్లేదు. ‘బి’ జాబితా పనులకు ఆర్చ్‌డీకన్ రాతపూర్వక అనుమతి చాలు. పెద్ద మార్పులకు డయోసిస్ న్యాయాధికారి అయిన చాన్సలర్ ఇచ్చే ‘ఫాకల్టీ’ అనే అనుమతి తప్పనిసరి. సంఘస్థులు ఉత్సాహం కొద్దీ ముందు బెంచీలు పీకేసి, తర్వాత అనుమతికి వెళ్తే చిక్కే. మళ్లీ యథాస్థానంలో పెట్టమన్నా పెట్టాల్సిందే.

చర్చి బాగోగులు చూసే సంఘ ప్రతినిధులైన చర్చివార్డెన్ల విషయంలోనూ ఆర్చ్‌డీకన్ పాత్ర ఉంది. సాధారణంగా ఇద్దరిని మే 31లోగా ఎన్నుకుంటారు. ఎన్నికైనంత మాత్రాన పదవి చేతికి రాదు. సాధారణంగా ఆర్చ్‌డీకన్ జరిపే విజిటేషన్ అనే అధికారిక సమావేశంలో, ఆగస్టు 31 దాటకుండా, ప్రమాణం చేయాలి. గడువు దాటితే స్థానం ఖాళీ అయినట్టే. కొత్త వికార్ (ఆ చర్చి ప్రీస్టు) వచ్చినప్పుడు ఆత్మల బాధ్యత అప్పగించేది బిషప్, చర్చిని స్వాధీనం చేసేది ఆర్చ్‌డీకన్. ఆయన వికార్ చేతిని తలుపు మీదో తాళంచెవి మీదో ఉంచుతారు, వికార్ లోపలికెళ్లి గంట కొడతారు.

కొందరు ఆర్చ్‌డీకన్లు బిషప్‌లవుతారు, కొందరు అక్కడే పదవీ విరమణ చేస్తారు. దాన్ని బిషప్ పదవికి తప్పనిసరి మెట్టు అనుకోకూడదు. మన డోర్నకల్ తొలి బిషప్ అజరయ్యగారు 1909లో డీకన్ అయి 1912లోనే బిషప్ అయ్యారు కదా!

ఇకపై ‘ఆర్చ్‌డీకన్’ అనే మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘డయోసిస్‌లో ఒక ప్రాంతపు చర్చిల పాలన చూసే సీనియర్ ప్రీస్టు’ అని ఒక్క ముక్క చేర్చగలరని మనవి.

– ఒక పాఠకుడు