ఫాక్స్‌ప్రో వాళ్ల గోడు

సంపాదకులకు,

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాలకు 1996 నుంచి ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల ప్రోగ్రాములు రాస్తున్నాను. కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది. 2015 జనవరితో సపోర్టూ ఆగింది. మా పని మాత్రం ఆగలేదు.

మొన్న మిర్చి సీజన్లో రాత్రి పదింటికి ఓ గుమస్తా ఫోన్: "సార్, తక్‌పట్టీ రావట్లేదు, రైతులు కూర్చున్నారు." తక్‌పట్టీ అంటే తూకం, ధర, కోతలు రాసి రైతుకిచ్చే చీటీ. కరెంటు పోయి, రికార్డులను వెతికిపెట్టే ఇండెక్స్ ఫైలు పాడైంది. మళ్లీ కట్టి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కిర్రుమన్నాకే ఇంటికెళ్లాను.

ఆ దుకాణానికి కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తామని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. తెలివైనవాళ్లే. కానీ హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల) కోతలు ఏ లెక్కన పడుతున్నాయో నా పాత కోడ్‌లో తప్ప ఎక్కడా రాసి లేదు. (తప్పు నాదే, అప్పుడు కాగితం మీద పెట్టలేదు.) మూడు రోజులు పక్కన కూర్చుని చెప్పాను. టీ తప్ప ఏమీ ముట్టలేదు.

నాకు 54 ఏళ్లు. ఇంటర్వ్యూకెళ్తే "క్లౌడ్ వచ్చా?" అంటారు. పాత డేటాను కొత్తదాంట్లోకి మార్చే పనికైనా, కూలి కట్టి, మాలాంటివాళ్లను పిలవండి.

— ఓ పాత ప్రోగ్రామర్, హనుమకొండ