ఏ పాట ఏ ఏడాదిదో, ఎవరు చేశారో రాయండి

సంపాదకులకు నమస్కారం.

రీమిక్స్ పాటల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. విషయం బాగుంది, రాసిన తీరూ బాగుంది. కానీ పెట్ షాప్ బాయ్స్ అనే బ్రిటిష్ పాప్ సంగీత జంట గురించి రాసిన చోట ఒక పొరపాటు దొర్లింది. ‘తొలి పాటతోనే 1986లో నంబర్ వన్‌కు చేరారు’ అని రాశారు. నంబర్ వన్ అయిన మాట నిజమే. ఆ పాట ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’. అదే పేరుతో, అదే బాణీతో వాళ్ల తొలి సింగిల్, అంటే పాటను విడిగా అమ్మే రికార్డు, 1984 ఏప్రిల్‌లో వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1986లో గెలిచింది ఆ పాటే, కానీ ఆ రికార్డింగు కాదు. వీలైతే ఆన్‌లైన్ ప్రతిలోనైనా సవరించగలరు.

ఇంత చిన్న విషయానికి ఉత్తరమా అని అనుకోవచ్చు. మన పాటల విషయంలో ఇంతకంటే పెద్ద గందరగోళం ఇప్పుడు రోజూ జరుగుతోంది కాబట్టి రాస్తున్నాను. ముందు ఆ జంట కథ కాస్త చెప్పాలి.

నీల్ టెనెంట్, క్రిస్ లో అనే ఆ ఇద్దరూ 1981లో లండన్ కింగ్స్ రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కలుసుకున్నారు. టెనెంట్ తర్వాత ‘స్మాష్ హిట్స్’ అనే పాప్ సంగీత పత్రికలో చేరాడు. క్రిస్ ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. వాళ్లిద్దరికీ న్యూయార్క్‌లో బాబీ ఓర్లాండో చేసే డిస్కో రికార్డులంటే పిచ్చి. 1983లో పత్రిక పని మీద న్యూయార్క్ వెళ్లిన టెనెంట్, ఓర్లాండోను కలిసి తమ పాటల సంగతి చెప్పాడు. సరే, రికార్డు చేద్దాం అన్నాడాయన. అలా తయారైంది మొదటి ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’. గట్టి డ్రమ్స్, వేగం, క్లబ్బుల్లో జనాన్ని లేపి ఆడించడానికి చేసినట్టే ఉంటుంది. లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో క్లబ్బుల్లో బాగానే తిరిగింది. బెల్జియంలో కొంత వినిపించింది. సొంత దేశంలో మాత్రం పేలలేదు.

ఆ తర్వాత ఓర్లాండోతో ఉన్న ఒప్పందం వాళ్లకు అడ్డమైంది. అందులోంచి బయటపడటానికి, ముందు ముందు తమకు వచ్చే రాబడిలో ఆయనకు వాటా ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. కొత్తగా పైకి వచ్చేవాళ్లు తొందరలో సంతకం పెట్టి తర్వాత తల పట్టుకోవడం మన సినిమా సంగీతంలోనూ తెలిసిన కథే. 1985లో పార్లోఫోన్ కంపెనీ వాళ్లను తీసుకుంది. ఆ కంపెనీ తరఫున వచ్చిన మొదటి సింగిల్ కూడా అప్పట్లో ఆడలేదు. అప్పుడు నిర్మాత స్టీఫెన్ హేగ్‌తో కూర్చుని, పాత పాటనే మొదటి నుంచి మళ్లీ రికార్డు చేశారు.

హేగ్ చేసిన పని వినదగ్గది. వేగం తగ్గించాడు. పాట మొదలవకముందే వీధి చప్పుడు, నడుస్తున్న బూట్ల చప్పుడు వినిపిస్తాయి. టెనెంట్ పాడుతున్నాడా మాట్లాడుతున్నాడా అన్నట్టు ఉండే ఆ గొంతుకు చుట్టూ చోటు దొరికింది. వెనక హెలెనా స్ప్రింగ్స్ అనే గాయని గొంతు కలిసింది. 1985 అక్టోబరులో విడుదలైన ఈ రికార్డింగు నెమ్మదిగా పాకుతూ 1986 జనవరిలో బ్రిటన్‌లో, మే నెలలో అమెరికాలో నంబర్ వన్ అయింది. ‘ద గార్డియన్’ పత్రిక 2020లో బ్రిటన్ నంబర్ వన్ పాటలకు వరసలు వేసినప్పుడు మొదటి స్థానం దీనికే ఇచ్చింది. నా ఓటూ రెండోదానికే.

అయినా మొదటిది వినకుండా ఉండలేం. హేగ్ ఏం తీసేశాడో, ఏం ఉంచాడో దాని పక్కన పెట్టి వింటేనే తెలుస్తుంది. మొదటి రికార్డింగులో స్టాలిన్ పేరుతో వెటకారంగా ఒక పాదం ఉంది, రెండోదాంట్లో లేదు. చిన్న మార్పే. కానీ ఆ పాట రాయడానికి టీఎస్ ఎలియట్ ‘వేస్ట్ ల్యాండ్’ కావ్యం, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం ర్యాప్ పాట ‘ద మెసేజ్’ రెండూ ప్రేరణ అని టెనెంట్ చెప్పుకున్నాడు. లండన్‌లో పేద తూర్పు వైపు, ఆడంబరమైన పడమటి వైపు ఒకే పాటలో ఎదురుపడటం వెనక అతని చదువూ ఉంది, అతను విన్న ర్యాప్ పాటా ఉంది. అలాంటి పాటలో ఒక్క పాదం మారినా వినేవాళ్లకు తెలియాలి కదా.

ఇంకో సంగతి. 1985ది రీమిక్స్ కాదు, కొత్త రికార్డింగు. రీమిక్స్ అంటే ఉన్న టేపు మీదే పని. గొంతు ఒక ట్రాకులో, డ్రమ్స్ ఒక ట్రాకులో, కీబోర్డ్ ఒక ట్రాకులో విడివిడిగా ఉంటాయి. వాటిలో కొన్నిటిని పెంచి, కొన్నిటిని ఆపి, కొత్త వాయిద్యం చేర్చి, నిడివి సాగదీసి మళ్లీ కలుపుతారు. ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’కు ఆ పని కూడా జరిగింది. న్యూయార్క్‌కు చెందిన షెప్ పెటిబోన్ చేసిన డ్యాన్స్ రీమిక్స్, 1986 చివర్లో వచ్చిన ‘డిస్కో’ ఆల్బంలో ఉంది. ఆ ఆల్బం మొత్తం ఆరు పాటలు. రీమిక్స్ చేసిన పాట పక్కన చేసినవాళ్ల పేరు వేశారు. కొనేవాడికి తను ఏది ఇంటికి తీసుకెళ్తున్నాడో తెలుసు.

నేను విజయవాడలో చాలాకాలం క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపినవాణ్ని. జనం ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ తెచ్చి ఇచ్చేవాళ్లు. చీటీలో సినిమా పేరుంటేనే మాకు పని తేలిక. అప్పట్లోనే వెర్షన్ రికార్డులని ఒక తలనొప్పి ఉండేది. పాత హిట్ పాటల్ని వేరే గాయకులతో పాడించి, అట్ట మీద సినిమా బొమ్మ పెద్దగా వేసి, పాడింది వేరేవాళ్లన్న సంగతి మూలన చీమ తలంత అక్షరాల్లో వేసేవాళ్లు. ఇంటికెళ్లి విన్నాక కస్టమరు తిరిగొచ్చి మా మీద పడేవాడు. మేం మాత్రం ఏం చేస్తాం?

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు ఆ మోసానికి కొంత అడ్డుకట్ట పడింది. కవర్ వెర్షన్, అంటే పాత పాటను కొత్తగా పాడించి రికార్డు చేయడం, చేయాలంటే అసలు రికార్డింగు చేసిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. అట్ట మీద పాత గాయకుడి పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయాలి. ఇవన్నీ 31సి సెక్షనులో ఉన్నాయి. దానికంటే పాతదైన 52ఎ సెక్షన్ ఇంకా సూటిగా చెబుతుంది. రికార్డు మీద, దాని అట్ట మీద, తయారు చేసినవారి పేరు, కాపీరైటు ఎవరిదో, మొదట ఏ ఏడాది ప్రచురితమైందో ఉండాలి. అట్టలు, డబ్బాలు ఉన్న కాలంలో రాసిన చట్టం అది. ఫోనులో పాట పేజీని కూడా డబ్బా కింద లెక్కవేయాలా వద్దా అన్నది న్యాయవాదులు తేల్చాలి. వినేవాళ్లకు మాత్రం ఇప్పుడు మిగిలిన అట్ట అదొక్కటే.

ఆ పేజీలో ఏముంటోంది? యాభై ఏళ్ల కిందటి పాట పక్కన, ఎవరో దాన్ని ఏదో సంకలనంలో పెట్టి ఎక్కించిన ఏడాది కనిపిస్తుంది. గాయకుల పేర్లుంటే గీత రచయిత పేరుండదు. మెగాస్టార్ పాట ‘బంగారు కోడిపెట్ట’ 1992లో ‘ఘరానా మొగుడు’లో వచ్చింది. అదే 2009లో ‘మగధీర’లో మళ్లీ వచ్చింది. రెండుసార్లూ సంగీతం కీరవాణిదే. అంటే తన పాటను తనే పదిహేడేళ్ల తర్వాత ఎలా చూశాడో పక్కపక్కన పెట్టి వినే అవకాశం మనకుంది. ఇలాంటి చోట ఏడాది సరిగా లేకపోతే, ఏది ముందో కూడా కొత్తగా వినేవాళ్లు తిరగేసి అనుకునే ప్రమాదం ఉంది. ఇది పేరున్న పాట కాబట్టి ఎవరో ఒకరు సరిదిద్దుతారు. పేరు లేని పాటల సంగతి ఎవరు చూస్తారు?

జానపదాలది మరీ అన్యాయం. ఊరేగింపుల్లో, పెళ్లిళ్లలో డీజే బాక్సుల మీద మోగే పాటల్లో సగం ఏ పల్లెలోనో ఎవరో పాడి రికార్డు చేసినవే. మిక్స్ చేసిన కుర్రాడి పేరు పాట మధ్యలో నాలుగుసార్లు గట్టిగా వినిపిస్తుంది. పాడిన మనిషి పేరు ఒక్కసారి కూడా రాదు. ఆ కుర్రాడి శ్రమను నేను తక్కువ చేయడం లేదు, అతని పేరూ ఉండాల్సిందే. ప్రదర్శన చేసినవాళ్లు తమ పేరు చెప్పమని అడిగే హక్కు 2012 సవరణలోనే, 38బి సెక్షన్ కింద వచ్చింది. ఆ హక్కు ఉందని పాడిన అమ్మకు చెప్పేవాళ్లెవరు?

ఈ విషయంలో ఆకాశవాణిని మెచ్చుకోవాలి. చిత్రం పేరు, రచన ఎవరిది, సంగీతం ఎవరిది, గానం ఎవరిది అని చెప్పాకే పాట వేసే అలవాటు వాళ్లది. ఆత్రేయ ఎవరో, రమేశ్ నాయుడు ఎవరో మా తరంలో చాలామందికి తెలిసింది అలాగే. ప్రైవేటు ఎఫ్‌ఎంలలో ఇప్పుడు ఆ ఓపిక కనిపించదు. పాటకూ పాటకూ మధ్య కబుర్లు, జోకులు బోలెడు, ఆ పాట ఎవరిదన్న ముక్క తప్ప.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆడియో కంపెనీలు తమ పాత పాటలకు మొదటి విడుదల ఏడాదిని సరిచేయాలి. రీమిక్స్ అయితే చేసినవారి పేరు, కొత్త రికార్డింగు అయితే ఆ తేదీ రాయాలి. కొత్తది రాగానే పాతదాన్ని యాప్‌లోంచి తీసేయకూడదు. కొన్ని పాటల విషయంలో ఇదీ జరుగుతోంది. మీ సినిమా పేజీలో పాటల సమీక్షలు రాసేవాళ్లు కూడా ఇది ఏ రికార్డింగు, దీనికి ముందు ఇంకొకటి ఉందా అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. జానపద కళాకారులకు 38బి కింద ఏ హక్కులున్నాయో, ఫిర్యాదు ఎక్కడ చేయాలో మామూలు తెలుగులో వివరించే వ్యాసం ఒకటి ఎవరైనా న్యాయవాదితో రాయించి వేయండి. అది జిల్లా ఎడిషన్లలో వస్తే ఇంకా మేలు.

– ఒక పాఠకుడు, విజయవాడ