ఆమ్‌స్టర్‌డామ్ లెక్కలో తప్పు మాదే

మా దగ్గర యూరప్ ప్రయాణం ప్లాన్ చేయించుకున్న వారికి, చేయించుకోబోతున్న వారికి నమస్కారం.

గత జూన్‌లో ఒక రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ హాస్టల్ కౌంటర్ దగ్గర నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు ఫోను చేశారు. గుంటూరు అమ్మాయిలు. వీపు మీది సంచులు ఇంకా దించనేలేదు. "డబ్బు మొత్తం ముందే కట్టాం కదండీ, మళ్లీ మనిషికి పాతిక యూరోలు అడుగుతున్నారు" అన్నారు. హాస్టల్ వాళ్లు మోసం చేయలేదు. నాలుగు రాత్రులకు ఆ నగరం వసూలు చేసే పర్యాటక పన్ను అది. మేం రాసిచ్చిన ఖర్చుల పట్టికలో అది లేదు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కు వేసిన రోజు ఖర్చునే కాస్త పెంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు రాసేశాం. ఆ డబ్బు మేమే ఇచ్చుకున్నాం కానీ, పరాయి ఊళ్లో వాళ్లు పడిన కంగారు మాత్రం వెనక్కి తీసుకోలేం.

అందుకే రెండు నగరాల లెక్కలూ మళ్లీ మొదటి నుంచి వేశాం. తేడా అంతా పడుకునే మంచం దగ్గరే ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి పర్యాటక పన్ను అద్దెలో 12.5 శాతం. పదిమంది పడుకునే గదిలో ఒక్క మంచం తీసుకున్నా తప్పదు. 2026 జనవరి 1 నుంచి నెదర్లాండ్స్‌లో బసపై వ్యాట్ కూడా 9 నుంచి 21 శాతానికి పెరిగింది. పన్నులు కలపక ముందు 50 యూరోలు ఉన్న మంచానికి వ్యాట్ పదిన్నర, పర్యాటక పన్ను ఆరుంబావు. మీరు కట్టేది 66.75 యూరోలు. పైగా అక్కడ పాత హోటల్ ఒకటి మూతపడితే తప్ప కొత్తదానికి అనుమతి దొరకడం లేదు. వేసవిలో జనం తగ్గరు, మంచాలు పెరగవు. బుడాపెస్ట్‌లో పర్యాటక పన్ను 4 శాతమే. అసలు అద్దే తక్కువ కాబట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక రాత్రికి అయ్యే డబ్బుతో అక్కడ రెండు రాత్రులు ఉండవచ్చు.

అలాగని బుడాపెస్ట్‌లో అన్నీ చవక కావు. సెచెన్యి వేడినీటి స్నానశాల టికెట్టు అక్కడి డబ్బులో పదివేల ఫోరింట్లు దాటింది. ఏటీఎం తెర మీద రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దనండి, ఫోరింట్లలోనే తీసుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకంలో బాగా నష్టపోతారు. తిండికి మాత్రం ఆ ఊరంటే నాకు ఇష్టం. నూనెలో పొంగిన మందపాటి పూరీ లాంటి లాంగోష్ మీద వెల్లుల్లి రాసి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేసి వేడిగా ఇస్తారు. శాకాహారులకు ఒక్కటితో పూట గడిచిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో వంటగది ఉన్న హాస్టలే చూసుకోండి. కందిపొడి తీసుకెళ్లండి, నెయ్యి వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు. సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డుకు వెళ్లే పడవలు ఉచితం. డబ్బు పెట్టి కాలువల్లో షికారు చేసే ముందు ఒక సాయంత్రం వీటిలో తిరిగి రండి.

మా కొత్త ప్లానులో బుడాపెస్ట్‌లో ఐదు రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు. రెండింటికీ ఒకే షెంగెన్ వీసా చాలు, పెద్దలకు రుసుము 90 యూరోలు. అయితే ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. కాబట్టి కొత్త ప్లానులో వెళ్లేవారి వీసా కాగితాలు హంగరీకి వెళ్తాయి. పాత ప్లానుతో నెదర్లాండ్స్‌కు దరఖాస్తు చేసినవారు మమ్మల్ని అడగకుండా రాత్రులు మార్చుకోకండి.

పాత పట్టిక నమ్మి ఆమ్‌స్టర్‌డామ్ బుక్ చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఈ వారంలో మేమే ఫోను చేసి, పన్నులతో కలిపిన కొత్త లెక్క చెబుతాం. రాత్రులు తగ్గించుకున్నా, ప్రయాణమే మానుకున్నా మా సర్వీసు చార్జీ పూర్తిగా వెనక్కి ఇచ్చేస్తాం.